కసురుకునే ఆసామి దగ్గర బెంజి బేరం

ఏడెనిమిదేళ్ళు తిరిగిన బెంజి గానీ, బీఎండబ్ల్యూ గానీ, ఆడీ గానీ కొత్తగా కొన్ననాటి ధరలో మూడో వంతుకు అటూ ఇటూగా దొరుకుతుంది. కొత్త క్రెటాకు పెట్టే డబ్బుతో పాత సి-క్లాస్ ఇంటిముందుకు వస్తుంది. సంగారెడ్డి జిల్లా రాయికోడ్ లాంటి మండల కేంద్రంలో కూడా ఇప్పుడు చాలామంది ఈ లెక్కే వేస్తున్నారు. పక్కన ఝరాసంగం, న్యాల్కల్ మండలాల్లో నిమ్జ్ అనే పారిశ్రామిక మండలి కోసం భూములు తీసుకున్నారు. 2024 ఆగస్టులో కేంద్రం జహీరాబాద్ పారిశ్రామిక స్మార్ట్ సిటీకి 3,245 ఎకరాల్లో ఆమోదం తెలిపింది. పరిహారం అందిన ఇళ్ళు, ప్లాటు అమ్ముకున్న ఇళ్ళు, జహీరాబాద్ ట్రాక్టర్ ఫ్యాక్టరీలో షిఫ్టులు చేసేవాళ్ళు, గచ్చిబౌలిలో ఉద్యోగం చేస్తూ శనివారం రాత్రికి ఊరు చేరేవాళ్ళు... అందరి ఫోన్లలోనూ అవే కార్ల ఫోటోలు.

డీలర్ దగ్గర కొంటే లాభం కలుపుకుంటాడు. అందుకని నేరుగా ఓనర్ దగ్గర కొనాలని చూస్తాం. ఓనర్ ఎక్కువగా హైదరాబాద్‌లోనే ఉంటాడు. ఫోన్ ఒకసారి ఎత్తుతాడు, నాలుగుసార్లు ఎత్తడు. ఎత్తినా కసురుతాడు. ఇక్కడ ఒక సంగతి ముందే తెలిసి ఉండాలి. 1930 నాటి వస్తు విక్రయ చట్టం ప్రకారం, చూసుకుని కొనాల్సిన బాధ్యత ప్రధానంగా కొనేవాడిది. ఇంట్లో కారు అమ్ముకునే మనిషి వ్యాపారి కాదు కనుక, తర్వాత గేర్‌బాక్స్ పోయిందని వినియోగదారుల కమిషన్‌కు వెళ్తే సాధారణంగా ఆ తలుపు తెరుచుకోదు. సివిల్ కోర్టు ఉంది, మోసం చేశాడని రుజువు చేయగలిగితే పోలీస్ కేసు ఉంది. రెండూ జీతం మీద బతికేవాడి ఓపికకు మించినవే. చూసుకునేదేదో డబ్బు చేతులు మారకముందే చూసుకోవాలి.

మొండి ఆసాముల్లో రెండు రకాలున్నారు. ఒకాయన ధర దగ్గర మొండి. "పద్దెనిమిదంటే పద్దెనిమిది. కొంటే కొను, లేకుంటే పో" అంటాడు. ఆదివారం పొద్దున తప్ప బండి చూపించడు. స్టీరింగ్ మీ చేతికివ్వడు, తానే నడిపి చూపిస్తాడు. చెప్పులకు మట్టి ఉంటే ముఖం చిట్లిస్తాడు. ఇలాంటివాళ్ళలో చాలామంది బండిని కన్నబిడ్డలా చూసుకున్నవాళ్ళు, సర్వీసు బిల్లులన్నీ తేదీల వారీగా ఫైలు చేసి పెట్టుకున్నవాళ్ళు. వీళ్ళ కసురు భరించొచ్చు. ఇంకొకాయన మాట చల్లగా ఉంటుంది. చాయ్ తాగిస్తాడు, అడక్కముందే యాభై వేలు తగ్గిస్తాడు. ఛాసిస్ నంబర్ అడిగితే మాత్రం "నామీద నమ్మకం లేదా అన్నా?" అంటాడు. ఒరిజినల్ ఆర్సీ ఎక్కడంటే "మా బావమరిది దగ్గరుంది" అంటాడు. నన్నడిగితే కష్టమైన ఆసామి ఈ రెండో ఆయనే.

అందుకే గొంతు ఎలా ఉందో వదిలేసి, ఏ పనికి వద్దంటున్నాడో చూడండి. ధర తగ్గించనంటే అది ఆయన హక్కు. మీకు స్టీరింగ్ ఇవ్వనంటే కంపెనీ వర్క్‌షాప్ మనిషి చేతికైనా ఇవ్వమనండి. ఛాసిస్ నంబర్ ఇవ్వనన్నా, వర్క్‌షాప్‌కు తేనన్నా, డబ్బు ఆర్సీలో పేరున్న మనిషి ఖాతాలో కాకుండా ఇంకెవరి ఖాతాలోనో వేయమన్నా అక్కడితో దండం పెట్టి వచ్చేయండి. ఇంకో కారు దొరుకుతుంది.

కసురుకునే మనిషి వెనక చాలాసార్లు భయం ఉంటుంది. ఆ భయంలో నిజముంది కూడా. 2018 ఫిబ్రవరి 6న నవీన్ కుమార్, విజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. 2007లో అమ్మేసిన కారు చేతులు మారుతూ పోయి 2009లో ఒక మనిషి ప్రాణం తీసింది. రవాణా శాఖ రికార్డులో మాత్రం మొదటి ఓనర్ పేరే ఉండిపోయింది. రికార్డులో ఎవరి పేరుంటే చట్టం దృష్టిలో వారే యజమాని, పరిహారం బాధ్యత ఆయనదేనని కోర్టు తేల్చింది. 2025 నవంబర్ 10న దిల్లీ ఎర్రకోట దగ్గర పేలిన కారు కూడా చేతులు మారుతూ వచ్చిందే. పోలీసులు ముందుగా వెళ్ళి ప్రశ్నించింది రిజిస్ట్రేషన్‌లో పేరున్న పాత ఓనర్‌నే. ఇవి చదివిన మనిషి కొనేవాడిని అనుమానంగా చూడడంలో వింతేముంది?

ఈ భయాన్ని తీర్చగలిగితే బేరం సగం నడుస్తుంది. మొదటి కలయికలోనే ధర ఎత్తకండి. "సార్, బండి వెంటనే నా పేరు మీదికి మార్పించుకుంటా, మారేదాకా పూచీ నాది. తీసుకున్న తేదీ, టైము, మీటర్ రీడింగ్ రాసి సంతకం పెట్టిస్తా" అనండి. ఆ కాగితాన్ని డెలివరీ నోట్ అంటారు. అందులో మీ ఆధార్ నకలు, ఫోన్ నంబర్ జతచేసి ఇస్తామంటే, అంతదాకా ముళ్ళ మీద కూర్చున్నట్టున్న మనిషి మెత్తబడతాడు. ఆ రోజు తర్వాత వచ్చే చలాన్లు మీవి, అంతకు ముందువి ఆయనవి అని అందులోనే రాసుకోవచ్చు. తెలంగాణ పోలీసుల ఈ-చలాన్ సైట్‌లో బండి నంబర్ కొట్టి ఆ రోజు బాకీ ఎంతుందో ఇద్దరూ కలిసే చూడండి.

ఇక కాగితాలు. ఆర్సీలో పేరు ఎవరిదో ముందు చూడండి. లగ్జరీ కార్లు చాలా వరకు కంపెనీల పేరు మీద ఉంటాయి, పన్నుల్లో తరుగుదల చూపించుకోవడానికి. ఎదురుగా కూర్చున్నాయన "నా కారు" అన్నా, చట్టం ప్రకారం అమ్మాల్సింది ఆ కంపెనీ. అప్పుడు డైరెక్టర్ల తీర్మానం, అధికార పత్రం కావాలి. అమ్మకానికి జీఎస్టీ తగులుతుందేమో వాళ్ళ ఆడిటర్‌ను అడిగించాలి. ఓనర్ చనిపోయి కొడుకు అమ్ముతుంటే, ముందు వారసుడి పేరు మీదికి ఫారం 31తో మార్పించాలి. అన్నదమ్ముల మధ్య తగువుంటే ఆ కారు జోలికి పోకండి.

ఆర్సీ మీద హెచ్‌పీ అని ఉంటే అప్పు తీరలేదని అర్థం, లేదా తీరినా కొట్టేయించలేదని. "రేపు కట్టేస్తా, ముందు డబ్బివ్వు" అన్న మాటతో మోసపోయినవాళ్ళకు లెక్కలేదు. బ్యాంకు నుంచి ఈ రోజుకు బాకీ ఎంతో ఫోర్‌క్లోజర్ లెటర్ తెప్పించండి. ఆ మొత్తాన్ని నేరుగా లోన్ ఖాతాలోకే మీరు కట్టండి, మిగిలింది మాత్రమే ఓనర్‌కు. బ్యాంకు ఇచ్చే ఎన్‌ఓసీ, ఫారం 35 చేతికొస్తేనే హెచ్‌పీ పోతుంది. పేరు మార్పుకు ఫారం 29, ఫారం 30 మీద ఓనర్ సంతకాలు కావాలి. ఫారం 29 రెండు ప్రతులు పెట్టించండి. ఆ సంతకాలు ఓనర్‌వేనా అని పోల్చి చూడండి. ఖాళీ ఫారాల మీద సంతకం పెట్టించి జేబులో పెట్టుకునే బ్రోకర్లుంటారు. అలాంటి ఫారాలతో కారు కొనడమంటే మధ్యలో ఎన్ని చేతులు మారిందో తెలియకుండా కొనడమే.

మన ప్రాంతానికి బీదర్ పక్కనే. కేఏ 38 నంబర్ కార్లు రాయికోడ్, జహీరాబాద్ రోడ్ల మీద చాలా తిరుగుతాయి, తక్కువకే వస్తున్నాయనిపిస్తుంది కూడా. కర్ణాటకలో కట్టిన లైఫ్ ట్యాక్స్ ఇక్కడ చెల్లదు. అక్కడి ఆర్టీఓ నుంచి ఫారం 28 ఎన్‌ఓసీ తీసుకుని, ఇక్కడ మళ్ళీ ట్యాక్స్ కట్టాలి. ధర 20 లక్షలు దాటిన కార్లకు తెలంగాణలో లైఫ్ ట్యాక్స్ 2022లోనే 18 శాతానికి చేరింది. పాత కారుకు వయసును బట్టి కొంత తగ్గినా, ఆ మొత్తం ఎంతో సంగారెడ్డి ఆర్టీఏ ఆఫీసులో కనుక్కున్నాకే ధర మాట్లాడండి. మహారాష్ట్ర బండ్లకూ ఇదే లెక్క. దిల్లీ నుంచి వచ్చే డీజిల్ కార్ల కథ వేరు. అక్కడ పదేళ్ళు దాటిన డీజిల్ బండ్ల మీద 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆంక్షలు పెట్టాక, వయసు మీదపడ్డ పెద్ద కార్లు దక్షిణాదికి దిగడం పెరిగింది. ఆ కార్లన్నీ చెడ్డవని కాదు, చవగ్గా ఎందుకొచ్చాయో తెలుసుకుని కొనాలంతే. బీహెచ్ సిరీస్ కారైతే, అది 2021 సెప్టెంబర్ నుంచి బదిలీల ఉద్యోగుల కోసం తెచ్చిన పద్ధతి. ఆ అర్హత మీకు లేకపోతే రాష్ట్ర నంబర్‌కు మార్చుకుని ఇక్కడి ట్యాక్స్ కట్టాల్సి వస్తుంది.

ఇంపోర్టెడ్ కారని ఎవరైనా ఊరిస్తే ఇంకా జాగ్రత్త. 2025 సెప్టెంబర్‌లో కస్టమ్స్ అధికారులు ఆపరేషన్ నుమ్‌ఖోర్ పేరుతో కేరళలో దాడులు చేశారు. భూటాన్ నుంచి దొంగదారిలో తెచ్చి, దొంగ కాగితాలతో ఇక్కడ రిజిస్టర్ చేయించారన్న అనుమానంతో సినిమా నటుల ఇళ్ళ దగ్గరి కార్లను కూడా వదల్లేదు. వాళ్ళకు లాయర్లున్నారు. మన దగ్గర బండి పట్టుకుపోతే వాయిదాల చుట్టూ ఎవరు తిరగాలి?

కారు దగ్గరికొద్దాం. ఊళ్ళో మెకానిక్ అన్న ఎంత అనుభవం ఉన్నవాడైనా ఈ కార్లకు ఆయన చెవి సరిపోదు. వీటిలో ఇంజిన్, గేర్‌బాక్స్, బ్రేకు, ఎయిర్‌బ్యాగ్ ఒక్కోదానికి ఒక్కో కంప్యూటర్ ఉంటుంది. హైదరాబాద్‌లో కంపెనీ అధీకృత వర్క్‌షాప్‌లో గానీ, ఆ బ్రాండ్ మీదే పనిచేసే మంచి గ్యారేజీలో గానీ డబ్బు కట్టి స్కాన్ చేయించండి. ఓనర్ "నాకు టైం లేదు" అంటే, ఆయన ఇంటికి దగ్గరి వర్క్‌షాప్‌ను మీరే వెతికి, ఆయనకు వీలైన పూటకు అపాయింట్‌మెంట్ తీసుకుని, ఖర్చంతా మీరే పెట్టుకుంటామనండి. అప్పుడు కూడా రానంటే కారణం టైం కాదు. ఛాసిస్ నంబర్ మీద ఇంతకుముందు ఏ సర్వీసులు జరిగాయో అక్కడే బయటపడుతుంది. ఆ చరిత్రను ఓనర్ ఎదురుగా ఉంటేనే చూపిస్తారు కనుక ఆయన్ను వెంట రమ్మనండి. రీకాల్ పనులు మిగిలాయేమో కూడా అడగండి. 2015లో ఫోక్స్‌వ్యాగన్ గ్రూపు డీజిల్ మోసం బయటపడ్డాక మన దేశంలోనే 3.23 లక్షల కార్లను వెనక్కి పిలిచారు, అందులో ఆడీలూ ఉన్నాయి.

మీటర్ తిప్పడం పాత విద్యే. డ్యాష్‌బోర్డు మీద అంకె మార్చినా, ఈ కార్లలో తిరిగిన దూరం మరికొన్ని కంప్యూటర్లలో కూడా నమోదవుతుంది, బీఎండబ్ల్యూలో తాళంచెవిలో కూడా. స్కాన్‌లో అంకెలు కలవకపోతే మాటలు ఆపేయండి. అలాగని తక్కువ తిరిగిందల్లా మంచి బండి కాదు. చౌమహల్లా ప్యాలెస్‌కు వెళ్తే 1912 నాటి పసుపు రంగు రోల్స్ రాయిస్ కనిపిస్తుంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్డరిచ్చి, అది చేతికందకముందే 1911లో చనిపోయారు. దశాబ్దాల పాటు అది తిరిగింది కొన్ని వందల మైళ్ళే. అయినా మళ్ళీ ఆ రూపు రావడానికి మరమ్మతులు తప్పలేదు. నిలబెట్టిన బండిలో రబ్బరు ఎండిపోతుంది, బ్యాటరీ చచ్చిపోతుంది, ఆయిలు పాడవుతుంది. ఎనిమిదేళ్ళలో పద్దెనిమిది వేల కిలోమీటర్లు తిరిగిందంటే సంబరపడకుండా, ఆయిలు ఏటా మార్చారా, టైర్ల తయారీ తేదీ ఎప్పటిది అని అడగండి.

మునిగిన కార్ల సంగతి మన తెలుగువాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు. 2015 డిసెంబర్‌లో చెన్నై, 2020 అక్టోబర్‌లో హైదరాబాద్, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ. నీళ్ళలో నిలిచిన కార్లు కడిగి, పాలిష్ కొట్టి, ఊరు దాటించి అమ్మేస్తారు. సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి, లోపలి భాగంలో బురద మరక ఉంటే తెలిసిపోతుంది. కార్పెట్ ఎత్తి సీటు బోల్టుల తుప్పు చూడండి, డిక్కీలో స్టెప్నీ గుంట తడిమి చూడండి. లగ్జరీ కార్లలో కొన్ని కంప్యూటర్లు సీట్ల కింద, డిక్కీ పక్కన ఉంటాయి కాబట్టి మోకాలి లోతు నీళ్ళు చాలు వాటిని చంపడానికి. పాత బీమా పాలసీ నంబర్ తీసుకుని, ఓనర్ చేతే బీమా కంపెనీకి ఫోన్ చేయించి క్లెయిములు కనుక్కోండి.

రాయికోడ్‌లో ఉండే మనిషికి ఇంకో లెక్క ఉంది. ఏ వార్నింగ్ లైటు వెలిగినా వర్క్‌షాప్ హైదరాబాద్‌లోనే, వంద కిలోమీటర్ల దూరం, ఫ్లాట్‌బెడ్ మీద ఎక్కించుకుపోవాలి. చాలా బీఎండబ్ల్యూలకు రన్‌ఫ్లాట్ టైర్లుంటాయి. పంక్చరైనా కొంత దూరం నడుస్తాయి గానీ వాటిని మార్చాలంటే మామూలు టైరు ధర సరిపోదు, స్టెప్నీ కూడా ఉండకపోవచ్చు. ఎయిర్ సస్పెన్షన్ ఉన్న కారు ఒక రాత్రి నిలబెడితే పొద్దునకు ఒక పక్క కుంగిందంటే, పెద్ద ఖర్చు ఎదురుచూస్తున్నట్టే. అందుకే కారును రాత్రంతా నిలిపాక, పొద్దున ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు చూడాలి. మీరు వచ్చేసరికి ఓనర్ ముందే స్టార్ట్ చేసి వేడి చేసి ఉంచితే ఎందుకో అడగండి. కొత్త డీజిల్ కార్లలో పొగలోని మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. అది శుభ్రపడాలంటే హైవే మీద ఆగకుండా నడవాలి. రోజూ ఊళ్ళోనే కిరాణా కొట్టుకూ బడికీ తిప్పేవాళ్ళకు డీజిల్ కన్నా పెట్రోల్ నయం. జాతీయ రహదారి 65 మీద వారంవారం హైదరాబాద్ వెళ్ళేవాళ్ళకు డీజిల్ పరవాలేదు. చెరకు ట్రాక్టర్లు తిరిగే సీజన్‌లో మన లోపలి రోడ్ల మీద స్పీడ్ బ్రేకర్లు, గుంతలు ఎలా ఉంటాయో మీకు తెలుసు. కింద తగిలే సెడాన్ కావాలో, కాస్త ఎత్తున్నది కావాలో ముందే తేల్చుకోండి.

జీతం మీద బతికేవాడికి నా సలహా: కారు ధరలో ఐదో వంతు మొదటి ఏడాది రిపేర్ల కోసం ఖాతాలో ఉంచలేకపోతే, ఆ కారు ఇప్పటికి వద్దు. పాత కారు లోన్‌కు వడ్డీ కొత్త కారుకన్నా ఎక్కువ, కారు వయసు పెరిగితే బ్యాంకులు ఇవ్వవు కూడా. దాని కోసం పీఎఫ్ తీయడం, ఇంట్లో బంగారం తాకట్టు పెట్టడం తెలివైన పని కాదు. భార్య గాజులు కుదువబెట్టి కొన్న బెంజిలో ఏసీ ఎంత చల్లగా ఉంటే ఏం లాభం?

డబ్బు ఇచ్చే తీరు మీద గొడవలు ఎక్కువ. బయానా చిన్నదిగా, బ్యాంకు ద్వారానే ఇవ్వండి. వర్క్‌షాప్ రిపోర్టులో పెద్ద లోపం బయటపడితే, లేదా ఇన్ని రోజుల్లోపు ఎన్‌ఓసీ రాకపోతే బయానా తిరిగివ్వాలని ఒక కాగితం మీద రాసుకుని ఇద్దరూ సంతకాలు చేయండి. మొండి ఆసామి "రేపు ఇంకొకాయన వస్తున్నాడు, ఈ రోజే ఫుల్ క్యాష్ తే" అంటాడు. ఆ ఇంకొకాయన ఉన్నాడో లేడో ఎవరికీ తెలియదు. నగదు మాట మాత్రం అసలు కుదరదు. 2017 ఏప్రిల్ 1 నుంచి ఒకే లావాదేవీలో 2 లక్షలు, ఆపైన నగదు తీసుకోవడం చట్టవిరుద్ధం. తీసుకున్నవాడికి అంతే మొత్తం జరిమానా పడుతుంది. ఈ మాట ఆయనకు మర్యాదగా చెప్పండి, ఆయన మేలు కోరి చెప్పినట్టే ఉంటుంది. ఆర్టీజీఎస్ 2020 డిసెంబర్ నుంచి ఇరవైనాలుగు గంటలూ నడుస్తోంది. ఆదివారం సాయంత్రం ఆయన ఇంట్లో కూర్చునే పంపొచ్చు. ఒరిజినల్ ఆర్సీ, సంతకాలైన ఫారాలు, రెండు తాళంచెవులు బల్ల మీద కనిపించాకే పంపండి. రెండో తాళంచెవి లేదంటే ధర తగ్గించమనండి, కొత్తది చేయించడం చిన్న ఖర్చు కాదు. ఆయన ఫోన్‌లోని కంపెనీ యాప్ నుంచి కారును తీయించండి, లేకపోతే మీ బండి ఎక్కడుందో ఆయనకు కనిపిస్తూనే ఉంటుంది. అద్దం మీది ఫాస్టాగ్ కూడా ఆయనదే. అది మూయించి మీది పెట్టుకోకపోతే, టోల్ దాటిన ప్రతిసారీ ఆయన ఖాతాలో డబ్బు పోయి మళ్ళీ ఫోన్‌లో కసురుతాడు.

కారు ఇంటికొచ్చాక చాలామంది కొబ్బరికాయ కొట్టి కాగితాలు మర్చిపోతారు. బండి ఇదే రాష్ట్రంలో రిజిస్టరైనదైతే అమ్మినాయన 14 రోజుల్లోపు రవాణా శాఖకు తెలపాలి, కొన్న మీరు 30 రోజుల్లోపు పేరు మార్పుకు దరఖాస్తు చేయాలి. బీమా కంపెనీకి 14 రోజుల్లోపు రాయాలి. ఎదుటివాళ్ళకు జరిగే నష్టానికి పాత పాలసీ మీకు దానంతటదే వస్తుంది గానీ, మీ కారుకు జరిగే నష్టానికి మీ పేరు మారేదాకా బీమా దక్కదు. పాత ఓనర్ సంపాదించుకున్న నో క్లెయిమ్ బోనస్ ఆయనతోనే పోతుంది, ఆ తేడా మీరు కట్టాలి. అది కట్టి, పాలసీ మీ పేరుకు మారిన కాగితం చేతికొచ్చాకే కుటుంబాన్ని ఎక్కించుకుని హైవే ఎక్కండి.